కొంచెము కొంచెముగానా, ఒక్కసారిగానా?

గడచిన శ్రమదినముల మొదటి బుధవారమున, సాయంకాల ప్రార్థన ముగిసి జనులు ఇండ్లకు వెళ్లిన తరువాత, మా సంఘపెద్దలలో ఒకాయన గుడిమెట్ల మీద నాకొరకు కాచుకొనియుండెను. ఆయనకు 68 ఏండ్లు. పండ్రెండేండ్ల వయస్సున పొగాకు బ్యారన్ దగ్గర కూలికి పోయిననాడు పట్టిన చుట్ట నేటివరకు ఆయన పెదవిని విడువలేదు. కొంతసేపు మినుముపంట సంగతి, మనుమరాలి చదువు సంగతి చెప్పి, తుదకు అసలు మాటకు వచ్చెను.

“అయ్యగారూ, రోజుకు తొమ్మిది చుట్టలు కాలుస్తాను. ఈ ఆరు వారాలూ వారానికొకటి తగ్గించుకుంటూ వస్తే పండగనాటికి మూడుకు దిగుతాను. ఆ మూడు సంగతి తర్వాత చూసుకోవచ్చు. లేకపోతే ఒక్కసారే పారెయ్యమంటారా? మీరేది చెబితే అదే చేస్తాను.”

‘మీరేది చెబితే అదే’ అను మాట కాపరుల చెవికి తియ్యగానుండును. నాకు మాత్రము ఆ రాత్రి అది ముల్లువలె గ్రుచ్చుకొనెను. అందుకొక కారణము కలదు. దానిని తరువాత చెప్పెదను. ఆయనను వారము గడువడిగి ఇంటికి పంపితిని.

ఈ ప్రశ్న మా సంఘపెద్దతో పుట్టినది కాదు. దాదాపు 200 ఏండ్ల క్రిందట ఇంగ్లండులో ఒక మిల్లుల పట్టణము ఈ ప్రశ్నమీదనే రాత్రులు ప్రొద్దుపోవువరకు వాదించుకొనెను. వేదాంత కళాశాలలో సంఘచరిత్ర చదువుకొన్న దినములలో ఆ కథ నాకు పరీక్షకు పనికివచ్చు నాలుగు పంక్తులు మాత్రమే. ఆ వారములో దానిని మరల తీసి, నెమ్మదిగా చదివితిని.

ఆ కాలమున ఇంగ్లండులోని పేదజనులు జిన్ అను ఘాటైన సారాయికి అలవాటుపడి చెడుచుండిరి. బీరును ఎవరును మత్తుపదార్థముగా ఎంచలేదు. అది కష్టజీవి ఆహారమని, ఒంటికి బలమని పెద్దలు, వైద్యులు, బోధకులుకూడ నమ్మిరి. 1830లో పార్లమెంటు ఒక చట్టము చేసెను. రెండు గినీల రుసుము చెల్లించిన ఏ గృహస్థుడైనను తన యింటనే బీరు అమ్ముకొనవచ్చునని ఆ చట్టము చెప్పెను. పెద్ద బీరు వర్తకుల గుత్తాధిపత్యమును తగ్గించుట ఒక ఉద్దేశము. జనులను సారాయినుండి బీరువైపునకు మెల్లగా త్రిప్పుట మరియొకటి. చూడుడి, ఇదియు ‘కొంచెము కొంచెముగా’ అను మార్గమే. ఘాటైనదానిని విడిపించుటకు తేలికైనదానిని చేతికిచ్చిరి. ఆరు నెలలలో దేశమంతట 24 వేలకు పైగా బీరుకొట్లు వెలసెను. సారాయి త్రాగువాడు సారాయిని మానలేదు, బీరునుకూడ పట్టెను.

అదే కాలమున మితపాన సమాజములును పుట్టెను. 1826లో అమెరికాలోని బోస్టన్‌లో ఒకటి ఏర్పడగా, ఆ గాలి సముద్రము దాటి వచ్చెను. 1829లో ఐర్లండులోని బెల్ఫాస్టు పట్టణమున జాన్ ఎడ్గర్ అను ప్రెస్బిటీరియను వేదాంత పండితుడు, తన యింటనున్న విస్కీని కిటికీలోనుండి బయట పారబోసెనని చెప్పుదురు. ఆయనయు ఆయనవంటివారును సారాయిమీద యుద్ధము ప్రకటించిరి. అయితే ద్రాక్షారసమును, బీరును మితముగా పుచ్చుకొనుటలో తప్పులేదనిరి. తరువాత కొందరు, అంతయు మానవలెనని లేచినప్పుడు, ఈ ఎడ్గర్ వారిని గట్టిగా ఎదిరించెను. తన జాడీని కిటికీలోనుండి కుమ్మరించిన చేయి, పొరుగువాని బీరుకుండ దగ్గర ఆగిపోయెను. ఇందులో మరియొక చిక్కును కలదు. ధనవంతుని బల్లమీది ద్రాక్షారసము నిలిచియుండగా, కూలివాని సారాయి మాత్రము పాపమాయెను. కూలివారు దీనిని గమనింపకపోలేదు.

ఇప్పుడు ప్రెస్టన్‌కు వత్తము. లాంకషైరులో నూలుమిల్లులతో నిండిన పట్టణమది. అక్కడ జోసఫ్ లివ్సీ అను జున్నుగడ్డల వర్తకుడుండెను. 1794లో పుట్టెను, ఏడేండ్ల వయస్సున తలిదండ్రులిద్దరును క్షయచేత పోగా తాత యింట పెరిగెను. నేలమాళిగలో మగ్గము నేయుచు, మగ్గము ప్రక్కనే పుస్తకము తెరచియుంచుకొని చదువు నేర్చినవాడు. ఆయన త్రాగుబోతు కాడు. 1831లో ఒక సరుకుబేరము ముగిసిన తరువాత మర్యాదకొరకు ఒక గ్లాసు విస్కీ నీళ్లు కలిపి పుచ్చుకొనెను. ఆ రాత్రి ఒంట్లో ఏదో వికారముగా తోచి నిద్ర సరిగా పట్టలేదు. ఇంట పిల్లలు పెరుగుచున్నారు. వారి నిమిత్తము ఇక ఎన్నడును ముట్టరాదని అప్పుడే తీర్మానించుకొనెను. ఒక్క గ్లాసు, ఒక్క రాత్రి, అంతే. పెద్ద దర్శనమేదియు కలుగలేదు. నాకు ఈ సంగతి మిక్కిలి నచ్చినది.

1832 మార్చిలో ప్రెస్టన్‌లో సమాజము స్థాపింపబడినప్పుడు దాని ప్రమాణపత్రము అందరి ప్రమాణపత్రములవంటిదే: సారాయి ముట్టరాదు, తక్కినవి మితముగా. జనులు సంతకములు చేసిరి. కొన్ని వారములలోనే లివ్సీ ఒకటి కనిపెట్టెను. సారాయి మానినవారు తిరిగి పడుచున్నారు. బీరుకొట్టు గడపలోనే పడుచున్నారు. ఒక కుండ బీరు మితమే. రెండవదియు మితమే కావచ్చును. మూడవ కుండ దగ్గర ప్రమాణపత్రము జ్ఞాపకముండదు.

ఆ యేట ఆగస్టు 23వ తేదీన ఆయనయు, చెక్కచెప్పులు చేసికొని బ్రతుకు జాన్ కింగ్ అను మనుష్యుడును ఒక కాగితముమీద సంతకము చేసిరి. మత్తు కలిగించునది ఏదియు, అది బీరైనను ద్రాక్షారసమైనను, పుచ్చుకొనమని అందు వ్రాసికొనిరి. సెప్టెంబరు 1వ తేదీ శనివారము రాత్రి సమాజములో చాలసేపు వాదము జరిగిన పిమ్మట ఏడుగురు ఆ విధముగా సంతకము చేసిరి. చరిత్రలో వారిని ప్రెస్టన్ ఏడుగురు అందురు. ఆ పత్రములో ఔషధముగా పుచ్చుకొనుటకు మాత్రము మినహాయింపు ఉంచిరి. ఈ చిన్న మినహాయింపును చదువరులు మనస్సున నుంచుకొందురుగాక.

లివ్సీ చేసిన ఉపన్యాసములలో బీరును గూర్చినది పేరుపొందెను. బీరును సభలోనే బట్టీపట్టి, అందలి సారాయిని వేరుచేసి, నిప్పంటించి, మండుచుండగా చూపించెడివాడు. మీరు బలము బలమని పుచ్చుకొనుచున్నది ఇదే, మీరు మానితిమని చెప్పుకొను సారాయియు ఇదే అని ఆయన తాత్పర్యము. యవలలోని ఆహారము బీరు చేయుటలోనే చాలవరకు పోవుచున్నదని, ఆ కాసులతో రొట్టె కొనిన పిల్లల కడుపు నిండునని లెక్కవేసి చెప్పెడివాడు.

అయితే నాకు ముఖ్యముగా తోచినది రసాయన విషయము కాదు. మితము అనునది ఎంత? దానిని నిర్ణయింపవలసినవాడెవడు? ఎవని బుద్ధిని ఆ అలవాటు సగము తినివేసినదో వాడే ప్రతి సాయంకాలము న్యాయపీఠముమీద కూర్చుండి, ఈ దినమున నాకెంత అని తీర్పు చెప్పవలెను. ముద్దాయియు వాడే, న్యాయాధిపతియు వాడే. పూర్తిగా మానినవానికి ఈ వ్యాజ్యము లేదు. వాడు ఒకసారి జవాబు చెప్పియున్నాడు. ‘తొమ్మిదినుండి మూడుకు’ దిగుదునన్న మా సంఘపెద్ద దినమంతయు చుట్టల లెక్కలోనే యుండును. ఎప్పటికంటె ఎక్కువగా చుట్టనే తలంచును.

ఇక్కడ మా సంఘములోని ఒక యౌవనస్థుడు నాతో వాదించెను. కనానులోని జనములను దేవుడు ఒక్క దినమున వెళ్లగొట్టలేదు గదా, అడవిమృగములు ప్రబలకుండునట్లు నెమ్మదిగా తొలగించెను గదా అనెను. ద్వితీయోపదేశకాండము 7వ అధ్యాయము తెరచి చూపెను. మంచి ప్రశ్నయే. అయితే ఆ అధ్యాయపు ఆరంభముననే ఆ జనములతో ఎట్టి నిబంధనయు చేసికొనరాదని ఆజ్ఞ కలదు. ఒడంబడిక లేకపోవుట మొదటి దినముననే. దేశము నిండుటకు ఏండ్లు పట్టినది. ఈ రెండును ఒకే అధ్యాయములో ప్రక్కప్రక్కనే యున్నవి. ఖాళీయైన పొలములోనికి మృగములు వచ్చునన్న మాట నాకెందుకు భయము కలిగించునో ఇంకొంచెము తాళిన చెప్పెదను.

ప్రెస్టన్‌లో పాత ప్రమాణపత్రము వెంటనే పోలేదు. సుమారు మూడేండ్లు రెండు పత్రములును ఒకే బల్లమీద నుండెను. ఇష్టమైనవారు ఇష్టమైనదానిమీద సంతకము చేసిరి. 1835లో పాతదానిని తీసివేసిరి. వారు కూడుకొనిన స్థలము పూర్వము కోడిపందెముల శాల. అక్కడనే 1833 సెప్టెంబరులో రిచర్డ్ టర్నర్ అను మనుష్యుడు లేచి, సగము సగము మానుట వట్టిదని చెప్పుచు ‘టీటోటల్’ అను మాటను పుట్టించెను. అంతకు ముందటి సంవత్సరము ఇతడు సగము మత్తులో, ఎగతాళి చేయుటకని సభకు వచ్చి, సంతకము చేసి బయటికి పోయినవాడు. నత్తివలన ఆ మాట అట్లు వచ్చెనని కొందరందురు. అతని నెరిగిన లివ్సీ మాత్రము, వానికి మాటలకు కొదువలేదు, సరియైన మాట దొరకనప్పుడు క్రొత్తది తానే చేసికొనునని వ్రాసెను. 1846లో అతడు చనిపోగా, ఆ మాటను పుట్టించినవాడని సమాధిరాతిమీదనే చెక్కిరి.

సంఘములు ఈ ఉద్యమమును చేతులు చాచి ఆహ్వానించినవని తలంపవద్దు. 1841లో వెస్లియను కాన్ఫరెన్సువారు సంపూర్ణ మద్యవర్జన సభలకు తమ మందిరములను ఇయ్యరాదని తీర్మానించిరి. కోడిపందెముల శాల వారికి తలుపు తెరచెను, మందిరము మూసెను. మనము దీనిని చదివి తలవంచుకొనవలసినదే.

ప్రెస్టన్ కథలో సంతకముకంటె నాకు విలువగా తోచిన భాగము వేరొకటి. వారు పట్టణమును వీధులవారీగా భాగించి, ప్రతి భాగమునకు ఒకనిని నియమించిరి. సంతకము చేసినవారి యిండ్లకు వారు పోయి పలుకరించెడివారు. వానికి కూలి దొరికెనా, భార్యకు జ్వరము తగ్గెనా, నిన్న రాత్రి ఎట్లు గడచెను అని విచారించెడివారు. పండుగలలో బీరుకొట్టుకు బదులుగా తేనీటివిందులు చేసిరి. మత్తు విడిచిన మనుష్యుని సాయంకాలము ఖాళీగా నుండనీయలేదు.

ఈ భాగము లేనప్పుడు ఏమగునో ఐర్లండు చూపినది. కార్క్ పట్టణమున థియొబాల్డ్ మాథ్యూ అను కపుచిన్ సన్యాసి 1838 ఏప్రిల్ 10వ తేదీన సంపూర్ణ మద్యవర్జన పత్రముమీద సంతకము చేసెను. ఆయనను ప్రేరేపించినవాడు విలియం మార్టిన్ అను క్వేకరు. రోమను కతోలికుడు, క్వేకరు ఒక బల్లయొద్ద కూర్చుండుట ఆ దేశములో ఆ కాలమున చిన్న సంగతి కాదు. తరువాతి నాలుగైదేండ్లలో లక్షలకొలది జనులు ఆయన యెదుట మోకరించి ఒకేసారి ప్రమాణవాక్యమును పలికిరి. పన్ను చెల్లించిన సారాయి పరిమాణము 1842 నాటికి సగమునకు పడిపోయెను. ఒక్కసారిగా మానుటకు ఇంతకంటె గొప్ప సాక్ష్యము కనబడదు. అయితే ఆ గుంపు చెదరిన మరునాడు ఆ మనుష్యుని తలుపు తట్టువారు అనేక గ్రామములలో లేకపోయిరి. అంతయు ఒక్క సన్యాసి భుజములమీద నుండెను. పతకముల ఖర్చులతో ఆయన అప్పులపాలయ్యెను. 1845 నుండి ఘోరమైన కరవు వచ్చెను. 1856లో ఆయన చనిపోవునాటికి ప్రమాణము చేసినవారిలో అనేకులు తిరిగి పాత త్రోవ పట్టియుండిరి.

మన నేలమీదను ఇట్టి ఎత్తుపల్లములు చూచితిమి. నెల్లూరు జిల్లా దూబగుంటలో రోశమ్మగారు మొదలైన స్త్రీలు, రాత్రిబడిలో అక్షరములు నేర్చుకొనుచు, 1991-92లో సారా అంగడిని ఊరినుండి తరిమిరి. ఆ కథ వాచకములో పాఠముగా అచ్చుపడి పొరుగు గ్రామములకు ప్రాకెను. 1993 అక్టోబరు 1వ తేదీన రాష్ట్రములో సారా నిషేధింపబడెను; సీసాల మద్యము మిగిలెను. 1995 జనవరి 16న అదియు నిషేధింపబడెను. 1997లో ఆ నిషేధమును సడలించిరి. ప్రభుత్వమువారు మెట్లెక్కి మెట్లు దిగిరి. దూబగుంట స్త్రీలు మాత్రము మితము అను మాటను ఎన్నడును పలుకలేదని నేనెరుగుదును. మితముగా త్రాగిన భర్త చేతి దెబ్బ ఎంత మితముగానుండునో వారికి తెలియును. అయినను అంగడి మూయుట వేరు, ఒకని చేయి గ్లాసును విడుచుట వేరు.

ఇక నేను చెప్పెదనన్న సంగతి.

పందొమ్మిది సంవత్సరముల క్రిందట, నేను అభిషేకము పొందిన క్రొత్తలో, వేరొక గ్రామమున సువార్త కూటములు జరిగెను. మూడవ రాత్రి నేను లోతు భార్యను గూర్చి ప్రసంగించితిని. వెనుకకు చూడరాదని, సగము విడుపు విడుపే కాదని గొంతు చించుకొని చెప్పితిని. ఒక తాపీమేస్త్రి లేచి ముందుకు వచ్చెను. నలువదేండ్లవాడు. ఎన్నో ఏండ్లుగా తెల్లవారి లేచినది మొదలు త్రాగువాడని ఊరంతటికి తెలియును. “అయ్యగారూ, ఈ రాత్రితో సరి” అనెను. “ఒక్క చుక్కకూడా ముట్టవద్దు తమ్ముడూ” అని తలమీద చేయివేసి ప్రార్థించితిని. ఆ రాత్రి అతని భార్య ఏడ్చినట్లు సంతోషముతో ఏడ్చిన స్త్రీని నేను మరల చూడలేదు.

మరునాడు చేతులు వణకుచున్నవని, ఒళ్లంతా చెమటలని కబురు వచ్చెను. శోధన ఇట్లే యుండును, గట్టిగా నిలువుమని చెప్పి పంపితిని. రెండవ రాత్రి నిద్రలేదు. మూడవ రాత్రి గోడమీద పురుగులు ప్రాకుచున్నవని కేకలు వేసెను. ఎదుట లేనివారితో మాటలాడెను. ఇరుగుపొరుగువారు దయ్యమనిరి. నేను పోయి, వారి మాటను ఖండింపక, తెల్లవారువరకు ప్రార్థించితిని. కోడికూసిన వేళకు మూర్ఛలు పట్టెను. ఆటోలో పట్టణమునకు తీసికొనిపోయితిమి. ఆసుపత్రి మెట్లయొద్దకు చేరుసరికి ప్రాణము పోయెను. వైద్యుడు అతని భార్యను రెండే ప్రశ్నలడిగెను: “ఎప్పుడు మానేశాడు? డాక్టరుకు చూపించకుండా మానెయ్యమని ఎవరు చెప్పారు?” ఆమె నావైపు చూడలేదు. ఈనాటివరకు నన్ను ఒక్క మాటయు అనలేదు.

దీనిని నేను సంఘముల యెదుట చెప్పుట ఇదే మొదటిసారి. ఇంతకాలము ఎందుకు చెప్పలేదనగా, సిగ్గుచేత.

మూడవ రాత్రి మేము చూచినదానికి పేరు కలదు. 1813లోనే థామస్ సట్టన్ అను ఆంగ్ల వైద్యుడు దానిని వర్ణించి పేరు పెట్టెను. అది త్రాగుటవలన వచ్చునా, త్రాగుడు ఆపుటవలన వచ్చునా అని వైద్యులు నూరేండ్లకు పైగా తర్కించిరి. 1955లో అమెరికాలోని లెక్సింగ్టన్ పట్టణమున హారిస్ ఇస్బెల్ అను వైద్యుడును ఆయన తోటివారును, పదిమందికి మంచి ఆహారము పెట్టుచునే వారముల తరబడి మద్యమిచ్చి, తటాలున ఆపి చూచిరి. ఎక్కువ కాలము త్రాగినవారిలో కొందరికి మూర్ఛలు, భ్రమలు వచ్చెను. ఆపుటవలననే అని అప్పుడు బాగుగా తేలెను. అట్టి పరీక్ష మనుష్యులమీద చేయవచ్చునా అన్నది వేరే ప్రశ్న.

సంగతి ఇది. దినమంతయు త్రాగువాని మెదడును మద్యము అణచిపెట్టుచుండును. మెదడు దానికి ఎదురుగా బలమంతయు పెట్టి లాగుచు, సంవత్సరములమీద అట్లే అలవాటుపడును. మద్యము ఒక్కసారిగా తీసివేయగానే, బరువు లాగుచున్న ఎద్దుల మోకు తెగినట్లు, ఆ బలము అదుపుతప్పి పోవును. కొన్ని గంటలలో వణకు, చెమట. మొదటి రెండు దినములలో మూర్ఛలు. రెండుమొదలు నాలుగు దినములలో భ్రమ, జ్వరము. అందరికిని రాదు. ఏండ్ల తరబడి ప్రతిదినము విస్తారముగా త్రాగినవారికి, అంతకుముందు ఒకసారి వచ్చినవారికి ప్రమాదము హెచ్చు. ఆసుపత్రిలో వైద్యుడు నరములను శాంతపరచు మందును మొదట తగినంత ఇచ్చి, దినదినము తగ్గించుచు, కొద్ది దినములలో ఆపివేయును. బి-1 విటమినుకూడ ఇత్తురు. ఇందు గమనింపవలసినదేమనగా, కొంచెము కొంచెముగా తగ్గునది మందు, మద్యము కాదు. మద్యము మొదటి దినముననే పోయినది. ప్రెస్టన్ ఏడుగురు ఔషధమునకు ఉంచిన మినహాయింపు నాకు ఇప్పుడు మరియొక విధముగా కనబడుచున్నది. నా ప్రసంగములో అట్టి మినహాయింపు లేకపోయెను.

నా మనస్సుకు ఈ రెంటిని కలిపి చూపిన కథ ఇంకొకటి కలదు. 1935లో అమెరికాలోని ఆక్రన్ పట్టణమున రాబర్ట్ స్మిత్ అను శస్త్రవైద్యుడు త్రాగుడుచేత వృత్తి పోగొట్టుకొను స్థితికి వచ్చెను. న్యూయార్కునుండి పనిమీద వచ్చిన విలియం విల్సన్ అను మనుష్యుడు, తానును అట్టి గోతినుండి కొన్ని నెలల క్రిందటనే లేచినవాడు, ఆయనకు స్నేహితుడయ్యెను. స్మిత్ కొన్ని వారములు మానెను. పిమ్మట వైద్యుల మహాసభకు పోయి తిరిగి త్రాగి వచ్చెను. విల్సన్ ఆయనను విడిచిపోలేదు. ఆ యింటనే యుండి, ఆయన భార్యతోకూడ కొన్ని దినములు ప్రక్కన కాచుకొనియుండెను. అప్పుడు స్మిత్ ఒక శస్త్రచికిత్స చేయవలసియుండెను, చేతులు వణకుచున్నవి. చేతులు నిలుచుటకని విల్సన్ తానే ఒక సీసా బీరు ఆయన చేతికిచ్చెను. జూన్ 10వ తేదీ అని వారి సమాజమువారు లెక్కింతురు. స్మిత్ త్రాగిన కడపటి సీసా అదియే. 1950లో చనిపోవువరకు మరల ముట్టలేదు. ఆల్కహాలిక్స్ అనానిమస్ అను సమాజము ఆ దినమునుండి తన వయస్సు లెక్కించుకొనును. మన దేశములోను వారి కూటములు జరుగుచున్నవి.

ఆ కూటములవారు మితపానమును ఒప్పుకొనరు. అయితే జీవితకాలపు ప్రమాణమును కూడ ఎవనిని అడుగరు. ఈ దినమున మాత్రము త్రాగను అందురు. రేపు మరల అందురు. అరణ్యములో మన్నాను ఏ దినమునకా దినము కూర్చుకొనినట్లు. మద్యమును ముక్కలు చేయలేదు. కాలమును ముక్కలు చేసిరి. ఐర్లండులో మోకరించినవారికి జీవితకాలము ఒక్కసారిగా భుజముమీద పడెను. పట్టుటకు ప్రక్కనెవరును లేకపోయిరి.

వారము గడచెను. మా సంఘపెద్ద వచ్చెను. చుట్ట మద్యమువంటిది కాదు. ఒక్కసారిగా మానినను ఆ విధముగా ప్రాణమునకు అపాయము లేదు. చిరాకు, నిద్రలేమి, ఆకలి ఎక్కువగుట కొన్ని వారములుండును. 2016లో ఇంగ్లండులోని పరిశోధకులు సుమారు 700 మంది పొగత్రాగువారిని రెండు గుంపులుగా చేసి పరీక్షించిన సంగతి ఆయనకు చెప్పితిని. ఒక గుంపువారు నియమించిన దినమున ఒక్కసారిగా మానిరి. రెండవవారు రెండు వారములు తగ్గించుకొని, పిమ్మట మానిరి. ఇరువురికిని మందులు, ఆలోచన చెప్పువారు ఉండిరి. నాలుగు వారములకు మొదటి గుంపులో నూటికి 49 మంది, రెండవ గుంపులో 39 మంది నిలిచిరి. ఆరు నెలలకు 22 మంది, సుమారు 15 మంది. ఆయన లెక్కలవాడు, వెంటనే పట్టుకొనెను. “అంటే ఒక్కసారే మానినా నూటికి డెబ్భై ఎనిమిది మంది పడ్డారన్నమాట.” అవును, పడిరి అంటిని. కొంచెముగా తగ్గించినవారిలోను నిలిచినవారు కలరు. వారిని తక్కువగా చూడరాదనికూడ చెప్పితిని.

“మరి మీ మాటేమిటి?” అనెను.

ఒక్కసారే మానుము, అయితే నా మాటమీద కాదు అంటిని. ముందుగా ఇద్దరము కలిసి ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు పోయి డాక్టరమ్మకు గుండె, ఊపిరి చూపితిమి. ఆమె నమలుటకు మందు వ్రాసి యిచ్చెను. ఆయన సోమవారము దినమును నియమించుకొనెను. ప్రతి సాయంకాలము దీపము పెట్టువేళకు మా వరండాకు వచ్చి పది నిమిషములు కూర్చుండవలెను. నేను ఊరిలో లేనినాడు మా యింటివారు కూర్చుందురు. ఈ ఏర్పాటు మాత్రమే నాది.

మూడవ దినమున భార్యతో కలహించి అన్నము మానెను. శనివారము రాత్రి గడ్డివామి వెనుక ఒకటి వెలిగించి, సగము కాల్చి, నేరుగా మా యింటికి వచ్చెను. వాసన ముందుగా వచ్చెను, ఆయన తరువాత వచ్చెను. కోపపడక మజ్జిగ ఇచ్చితిమి. ఆదివారమునుండి లెక్క మరల ఒకటితో మొదలుపెట్టెను.

నేనిది వ్రాయునాటికి ఆ లెక్క 41కి వచ్చెను. నిన్న సాయంకాలము చుట్టలు పెట్టుకొను పాత రేకుడబ్బాను కడిగి, ఎండబెట్టి, అందులో లవంగములు పోసికొని తెచ్చెను. మూత తీసి నాకొకటి ఇచ్చెను. డబ్బాకు పొగాకు వాసన ఇంకను పోలేదు.